అబూ గుటక ముందు ఒక కప్పు

కప్పు అక్కడే ఉంది. నేనూ ఇక్కడే ఉన్నాను. మా ఇద్దరికీ మధ్య జానెడు బల్ల, ముప్ఫయ్యెనిమిది రోజుల పథ్యం, పన్నెండేళ్ళ పరువు. జవాబు చెబుతున్న పెళ్ళికూతురి తాత హాజీ హాబిస్ గారు ఇంకా జలప్రళయం నాటి నూహు ప్రవక్త ఓడ దగ్గరే ఉన్నారు, ఓడ ఇంకా నీళ్ళ మీద తేలలేదు, జంతువులు జంటలు జంటలుగా ఎక్కుతున్నాయి, ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచి మరీ ఎక్కిస్తున్నారు ఆయన, ముప్ఫయ్యేళ్ళు భూగోళం చెప్పిన హెడ్మాస్టరు కదా, రిటైరైనా హాజరు పట్టీ వదల్లేదు. ఒంటెలు ఎక్కాయి. గాడిదలు ఎక్కుతున్నాయి. పెళ్ళికూతురి దాకా రావాలంటే ఈ ఓడ ఆగాలి, అందరూ దిగాలి, వాళ్ళ తాతల తాతలు ఎడారి దాటి నది దాటి ఈ మా సల్త్ ఊరి కొండల మీదికి ఎక్కాలి, అప్పటికి ఈ కాఫీ చల్లారుతుంది, నేను కాగిపోతాను. యాలకుల వాసన వస్తోంది. రాకూడదు. ఊపిరి నాలుగు లెక్కపెట్టి లోపలికి, నాలుగు లెక్కపెట్టి ఆపి, నాలుగు లెక్కపెట్టి బయటికి అని చెప్పింది డాక్టర్ రీమ్, మనసు నిలబడుతుందని. లోపలికి పీల్చిందంతా కాఫీయే. ఆపిన నాలుగు అంకెలూ కాఫీయే. ఈ లెక్కన ముక్కుతో ఇప్పటికే రెండు కప్పులు తాగాను.

నేను చెప్పాల్సింది చెప్పేశాను. లేచి నిలబడ్డాను, అందరి మీదా శాంతి కలగాలన్నాను, మీ అమ్మాయి జుమానను మా అబ్బాయి ఖుసయ్‌కి అడగడానికి వచ్చాం అన్నాను, ఔనన్న మాట వినేదాకా మీ ఇంటి కాఫీ ముట్టం అన్నాను, ఊళ్ళో ప్రతి వేడుకకీ కాఫీ పోసే ముసలి ఔదా అందించిన పిడి లేని చిన్న కప్పును కుడిచేత్తో అందుకుని బల్ల మీద పెట్టి కూర్చున్నాను. ఒక్క మాట తడబడలేదు. మా వెనక మావాళ్ళు నూట ఎనభై మంది, ఎదురుగా వాళ్ళవాళ్ళు అంతకు నలుగురు ఎక్కువే, ఇంతమంది మగవాళ్ళు వాళ్ళ కుటుంబ దివాణం హాల్లో భుజానికి భుజం రాసుకుంటూ కూర్చున్నాం. అసలు సంగతి ఆడవాళ్ళు రెండు నెలల కిందటే తేల్చేసుకున్నారు, కర్టెన్ల రంగు కూడా ఖాయమైంది, మేం వచ్చింది ఆ రంగు వెలిసిపోకముందు ఔనన్న మాట అనిపించుకోడానికి. అయినా మాట మాటే. ఇప్పుడు న్యాయంగా అందరి కళ్ళూ హాజీ గారి నోటి మీద ఉండాలి. లేవు. మూడు వందల అరవై నాలుగు జతల కళ్ళు నా కుడిచేతి మీద ఉన్నాయి. స్తంభం దగ్గర మా పెద్దవాడు రకాన్ ఫోన్ ఎత్తి పట్టుకుని ఇంట్లో ఆడవాళ్ళకి ఇదంతా ప్రత్యక్షంగా చూపిస్తున్నాడు, ఆ ఫోను కన్ను కూడా చేతి మీదే. మా ఆవిడ ఉమ్ రకాన్ సోఫాలో కాళ్ళు ముడుచుకుని, గుమ్మడి గింజలు ఒలుచుకుంటూ, టీవీ అంత పెద్దదిగా నా చెయ్యిని చూస్తూ ఉంటుంది.

చెయ్యి చేసిన పని అలాంటిది. పన్నెండేళ్ళ కిందట, ఇర్బిద్‌లో, మా పినతల్లి మనవడికి పిల్లనడగడానికి వెళ్ళాం. పెద్ద నేను కాదు, మా మేనమామ. ఆయన అడగాల్సింది అడిగి కప్పు బల్ల మీద పెట్టాడు. ఆ పక్కనే నేను. ఆ రోజుల్లో నాకు రోజుకి పధ్నాలుగు కప్పుల చేదు కాఫీ, ప్రతి కప్పుకీ రెండు సిగరెట్లు, కప్పు పట్టుకుంటే సిగరెట్టు గుర్తొచ్చేది, సిగరెట్టు ముట్టిస్తే కప్పు గుర్తొచ్చేది, ఇద్దరు వియ్యంకుల్లా ఒకరి ఇంటికి ఒకరు తెగ తిరిగేవాళ్ళు. పెళ్ళికూతురి తాత జవాబు చెబుతున్నాడు. నేను ఎక్కడో ఆలోచిస్తున్నాను, కారు క్లచ్ గురించి అనుకుంటాను. చెయ్యి వెళ్ళింది. నన్ను అడగలేదు. కప్పు ఎత్తింది, నోటికి ఇచ్చింది, నోరు తాగింది, అంతటితో ఆగినా బాగుండేది, ఇంకో కప్పు పొయ్యమని ఖాళీ కప్పును ముందుకు చాచింది. ఆ తాత మాట మధ్యలో ఆపి నన్ను చూసి, మీరు కాఫీ కోసం వచ్చినట్టున్నారు, ఇంకోసారి పెళ్ళి కోసం రండి, అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ వెళ్ళాం. మూడు నెలలు బతిమాలి, రెండింతల మందితో వెళ్ళాం. నన్ను మాత్రం తీసుకెళ్ళలేదు.

ఆ సాయంత్రమే మా చిన్నాన్న కొడుకు దీబ్ నాకు పేరు పెట్టాడు. మా పక్క మనిషిని పెద్దకొడుకు పేరుతో పిలుస్తాం, రకాన్ తండ్రిని కాబట్టి నేను అబూ రకాన్‌ని, తల్లి కాబట్టి మా ఆవిడ ఉమ్ రకాన్. దీబ్ ఆ గుటకను నాకు పెద్దకొడుకుని చేశాడు. అబూ గుటక. పేరు ఇర్బిద్ నుంచి సల్త్‌కి నాకన్నా ముందు చేరింది. కూరగాయలవాడు అబూ గుటకా టమాటాలు చూడు అన్నాడు. నేను డ్రైవింగ్ నేర్పేవాణ్ణి, నా దగ్గర నేర్చుకునే పిల్లలు క్లచ్ వదిలేసి కారు ఎగిరెగిరి పడితే, సార్ గుటకలు వేస్తోంది అన్నారు. నా కారులో నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాడు గోడ మీదికి పోతుంటే నేను తొక్కి ఆపుతాను, ఇరవై రెండేళ్ళలో ఎన్ని గోడల్ని కాపాడానో లెక్క లేదు. మా ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది, ఊళ్ళో అందరికీ బ్రేకు వేస్తావు, నీ చేతికి బ్రేకు ఎవరు వేస్తారు అని. ఒకడి పరువు కప్పులో పడి మునిగిందంటే ఏ సముద్రంలోనో మునిగినట్టు ఘనంగా కూడా ఉండదు. గుక్కెడంత లోతు. ఈదడానికి కూడా చోటు లేదు.

గాడిదలు ఎక్కాయి. ఇప్పుడు పక్షులు. పక్షుల్లో రకాలు.

మరి అలాంటివాణ్ణి ఈ కుర్చీలో ఎవరు కూర్చోబెట్టారంటే ఖుసయ్. వాడు మా అన్న కొడుకు. అన్న పోయి ఏడేళ్ళయింది, యాభై ఆరో ఏట, గుండె ఆగి, జేబులో సగం పెట్టెతో. రేపటి నుంచి మానేస్తా అనేవాడు ఎప్పుడూ, అబద్ధం చెప్పే మనిషి కాదు, ఆ రేపే రాలేదు. నాకిప్పుడు యాభై నాలుగు. పిల్లనడగడానికి ఎవరో ఒక పెద్ద పదవి చేసినాయన్ని ముందు పెట్టుకుందాం అని మావాళ్ళందరూ అనుకుంటుంటే, ఖుసయ్ మా ఇంటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, చెవులు ఎర్రబడి, బాబాయ్, మా నాన్న కూర్చునే కుర్చీ అది, నువ్వే కూర్చోవాలి అన్నాడు. నా సంగతి తెలిసే అడుగుతున్నావా అన్నాను. తెలుసు బాబాయ్, అందుకే నలభై రోజుల ముందు అడుగుతున్నాను అన్నాడు. వాడు వెళ్ళాక మా ఆవిడ వంటింట్లోంచి, పిల్లవాడికి ధైర్యం ఎక్కువే అంది. ఆ రాత్రే చివరి సిగరెట్టు నలిపేశాను. దమ్ము కొట్టడానికి ఊపిరి చాలు, దమ్ము మానడానికే దమ్ము కావాలి, ఆ దమ్ము ఎక్కడ దొరుకుతుందో తెలీక డాక్టర్ రీమ్ దగ్గరికి వెళ్ళాను. మా అబ్బాయి వయసు పిల్ల. నా గుండె విని, నా వయసు చూసి, మా అన్న సంగతి అడిగి, కాఫీ ముట్టుకున్నంత కాలం సిగరెట్టు వదలదు, రెండూ ఆపండి, నలభై రోజులు గడిచాయంటే తరవాత మనం మాట్లాడుకుందాం, అంది. మానెయ్యడం ఒక్కటే చాలదు అబూ రకాన్, ఖాళీ చెయ్యి ఊరుకోదు, దానికి వేరే పని చూపించండి, అని కూడా అంది.

చూపించాను. పొద్దున్నే చన్నీళ్ళు పోసుకున్నాను, మొదటి వారం చన్నీళ్ళకన్నా కన్నీళ్ళే ఎక్కువ పారాయి. నీకు గట్టిపడింది మనసు కాదు, ఒళ్ళు, అంది మా ఆవిడ తువ్వాలు అందిస్తూ. మా పేట నుంచి పై బజారుకి రెండొందల పదకొండు మెట్లు, కారు ఇంట్లో పెట్టి అవి ఎక్కాను, ముప్ఫై మెట్లకో గుమ్మం ముందు ఆగి ఇంటివాళ్ళ క్షేమం అడుగుతున్నట్టు నటించి ఊపిరి తెచ్చుకున్నాను, దాంతో ఆ వీధిలో ఏడిళ్ళవాళ్ళు నేను ఎన్నికల్లో నిలబడుతున్నానని అనుకున్నారు. రకాన్ నా ఫోన్లో ఏదో పెట్టాడు, తెల్లారగానే ఒకావిడ తీయని గొంతుతో నువ్వు కొండవి, నిన్నేదీ కదిలించలేదు అంటుంది. సల్త్‌లో కొండలకేం కరువమ్మా, ఉన్నవి ఎక్కలేకే చస్తున్నాను, నన్ను కూడా కొండని చేస్తే ఎక్కేదెవరు. రాత్రి భోజనంలో రొట్టె తగ్గింది, స్వీట్లు మాయమయ్యాయి, నిద్ర మాత్రం పదింటికల్లా వచ్చేది, అది ఒక్కటే బతిమాలకుండా వచ్చింది. ఇక మా ఆవిడ లెక్క వేరే. వంటింటి కిటికీలో ఒక గాజు జాడీ పెట్టింది. నేను కాఫీ, సిగరెట్టు ముట్టకుండా గడిపిన రోజున రాత్రి ఒక ఆలివ్ తిని దాని గింజ జాడీలో వేస్తుంది. తప్పానా, జాడీ మొత్తం చెత్తబుట్టలోకి, మళ్ళీ ఒకటి నుంచి. ఇంతకు ముందు మూడేళ్ళలో మూడుసార్లు ఆ జాడీ ఖాళీ అయింది, ఒకసారి నాలుగు గింజల దగ్గర, ఒకసారి పదకొండు, ఒకసారైతే గింజ పడకముందే. ఇప్పుడు ముప్ఫయ్యెనిమిది ఉన్నాయి. ఒక్కో గింజకీ నేనెంత గింజుకున్నానో ఆ ఆలివ్ చెట్టుకి కూడా తెలీదు.

అన్నిటికన్నా కష్టం రిహార్సలు. రోజూ సాయంత్రం మా ఆవిడ నిజం కాఫీ కాచి, యాలకులు దంచి వేసి, కప్పులో పోసి నా ముందు పెట్టేది. నేను పిల్లనడిగే పెద్దని, ఆవిడ పిల్ల తాత. నేను అడగడం రెండు నిమిషాలు, ఆవిడ జవాబు గంట. ఆ గంటలో మా పెళ్ళైన దగ్గర్నుంచి ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో నేను చేసిన తప్పులు తారీఖులతో సహా చెప్పేది, నేను కప్పు వైపు చూడకుండా, చెయ్యి కదపకుండా వినాలి. మొదటి రోజు మా పెళ్ళి ఊరేగింపులో కారు తాళాలు పోగొట్టిన సంగతి వచ్చేసరికే చెయ్యి సగం దారి వెళ్ళింది, ఆవిడ గరిటెతో కొట్టింది. పది రోజులకి చెయ్యి మోకాలు దాటలేదు. ముప్ఫై రోజులకి చెయ్యి ఉన్న సంగతే మర్చిపోయాను, పైగా చేసిన తప్పులు కూడా ఆసక్తిగా అనిపించడం మొదలైంది. గంట అయ్యాక ఆవిడ గొంతు ఎండిపోయి కప్పెత్తి తనే తాగేసేది. నువ్వు పాసయ్యావు, అనేది.

ఫోన్ జేబులో ఒకసారి వణికింది. తియ్యను. కొండలు ఫోన్లు చూసుకోవు.

ఓడ కదిలింది, ఎట్టకేలకి, హాజీ గారు నీళ్ళ లోతు చెబుతున్నారు. దీబ్ నా కుడి పక్కనే కూర్చున్నాడు, కావాలనే ఆ కుర్చీ పట్టాడు, నా చెవిలోకి వంగి, ఒరేయ్ అబూ గుటకా, దాహంగా ఉందా అన్నాడు. వాడి మీసాల్లోంచి సిగరెట్టు వాసన వచ్చి నా మెడ చుట్టూ చెయ్యి వేసింది. నా పాదం దానంతటదే నేలని తొక్కింది, కారులో ఉన్నట్టు, బ్రేకు మీద. చెయ్యి తొడ మీద ఉంటే ప్రమాదమని అంగరఖా జేబులో దాచేశాను. ఈ నల్ల అంగరఖా మా అన్నది, జరీ అంచుది, ఖుసయ్ వాళ్ళమ్మ పెట్టె అడుగునుంచి తీసి దులిపి ఎండలో ఆరేసి ఇచ్చింది, ఇది నా ఒంటిని కప్పుతుంది, ఆ కప్పు నా పరువుని కప్పాలి, ఇంకేమీ మీద పడకుండా ఉంటే చాలు. జేబు లోతైనది. అడుగున లోపలి గుడ్డ చిరిగింది. ఆ చిరుగులోంచి వేలు ఇంకా లోపలికి వెళ్ళింది, అక్కడ, అస్తరుకీ గుడ్డకీ మధ్య, సన్నగా, గుండ్రంగా, కాస్త వంగి, ఒకటి. ముట్టగానే తెలిసింది. దులిపినా పోలేదు. ఏడేళ్ళుగా అక్కడ పడుకుని ఉంది, మా అన్న రేపు తాగి మానేద్దామనుకున్న ఆఖరిది.

చిత్రం, ఏడుపు రావాలి, నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ ఇల్లంతా వెతికి, పుస్తకాల వెనక, బియ్యం డబ్బాలో, కారు సీటు కింద నేనే దాచుకున్నవి నేనే ఏరి పారేశాను, నన్ను నేను దొంగలా పట్టుకున్నాను, ఇవాళ పోయినవాడు వచ్చి జేబులో పెట్టి వెళ్ళాడు, తీసుకోరా తమ్ముడూ అని. వాడెప్పుడూ అంతే, ఆఖరిది నాకే ఇచ్చేవాడు. వేళ్ళ మధ్య దాన్ని తిప్పుతున్నాను. దీబ్ దగ్గర లైటరుంది. బయట వరండా ఉంది. కానీ కుర్చీ ఇక్కడుంది. ఎదురుగా పెళ్ళికొడుకు కుర్చీలో ఖుసయ్, టై బిగుసుకుని, చెవులు ఎర్రబడి, మా అన్నకి కోపమొస్తే భయమేస్తే సిగ్గేస్తే అన్నిటికీ ఆ చెవులే. నన్నే చూస్తున్నాడు. చేతిని కాదు, నన్ను. ఇంతమందిలో వాడొక్కడే. వేళ్ళు నెమ్మదిగా నలిపాయి. కాగితం ముందు చిట్లింది, తరవాత ఎండిన పొగాకు పొడి పొడిగా రాలింది, గోళ్ళ కింద చేరింది. ఒకటి అయిపోయింది. అన్నా, అది నేను తాగినట్టే లెక్క.

హాజీ గారు నది దాటుతున్నారు. వాళ్ళ తాతలు గుర్రాల మీద వస్తున్నారు, సల్త్ కనిపిస్తోంది, పసుపు రాళ్ళ కొండ, నీటి బుగ్గ. దగ్గరికొచ్చేశారు, ఇంకో నాలుగు తరాలు దిగితే జుమాన, ఇస్తున్నాం అంటారు, మీ కాఫీ తాగండి అంటారు, నేను.

నేను తాగాలి.

అయ్యో. తాగాలి కదా. అడిగింది దొరికాక అందరికన్నా మొదట కప్పు తాగాల్సింది అడిగినవాడే కదా, ఐదేళ్ళ పిల్లవాడికి కూడా తెలిసిన సంగతి, నాకు ఎలా తప్పిపోయింది. ముప్ఫయ్యెనిమిది రోజులు ముట్టకుండా ఉండడం ఎలాగో నేర్చుకున్నాను, ముట్టడం ఒకటి ఉందని మరచాను. రిహార్సల్లో అది రాలేదు. ఎలా వస్తుంది, ఇరవై ఎనిమిదేళ్ళలో మా ఆవిడ నేనడిగింది ఇచ్చాం అన్న రోజు లేదు, ప్రతిసారీ కాఫీ తనే తాగేసింది. అసలు ఇది నలభై నిండాక జరగాల్సింది, పిల్ల మేనమామకి కువైట్‌లో సెలవు అయిపోతోందని మూడు రోజులు ముందుకు జరిపారు, అందరూ తల ఊపారు, నేనూ ఊపాను. ఊపకూడనివి ఊపడం, ఊపాల్సింది ఊపకపోవడం, నా జీవిత చరిత్ర ఇంతే. తాగి చాలు అనుకున్నవాడు ఖాళీ కప్పును ఇటూ అటూ ఊపి ఇస్తాడు, ఊపకపోతే ఔదా పోస్తూనే ఉంటాడు, ఈ జన్మలో మొదటి కప్పుకి నేను ఊపింది లేదు, రెండో కప్పుకీ లేదు, ఔదా చెయ్యి నొప్పి పుట్టి కూజా మార్చుకునేవాడు కాని నేను కప్పు ఊపేవాణ్ణి కాదు. తాగితే జాడీ ఖాళీ. ముప్ఫయ్యెనిమిది గింజలు చెత్తబుట్టలో గలగల. తాగకపోతే పెళ్ళి ఖాళీ. పెదవి తడిపి పెట్టేస్తే. కుదరదు, రకాన్ ఫోన్లో పెదవి కూడా పెద్దదిగా కనిపిస్తుంది. తుమ్మితే. కప్పు బోర్లిస్తే. మూర్ఛపోతే. మూర్ఛపోవచ్చు, కాని దీబ్ పక్కనే ఉన్నాడు, లేపడానికి ముందు నా కాఫీ తాగేస్తాడు, అబూ గుటక పేరు ఇద్దరం పంచుకోవాలి. పైగా కాఫీ ఒక్కటే వస్తుందా, అది తన వియ్యంకుణ్ణి పిలవకుండా ఉంటుందా, ఇప్పుడంటే ఒకటి నలిపాను, దీబ్ జేబులో పెట్టె నిండా ఉన్నాయి.

"...అందుచేత, పెద్దలు వచ్చారు, మా ఇల్లు వెలిగింది, మా మనవరాలు జుమానని మీ ఖుసయ్‌కి ఇస్తున్నాం. మీ కాఫీ తాగండి."

ఔదా కూజా పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. రకాన్ ఫోన్ ఇంకో రెండడుగులు ముందుకొచ్చింది. నా చెయ్యి లేవలేదు. నేను ఆపింది కాదు, నిజంగా లేవలేదు. లే అన్నాను. జేబులో, చిరుగులో, పొగాకు పొడిలో అలాగే కూర్చుంది, గంట అయ్యాకే లేవాలి, కాఫీ ఆవిడ తాగుతుంది కదా అన్నట్టు. పాదం నేలని అదిమిపెట్టి ఉంది. నా రెండు బ్రేకులూ పడ్డాయి, బండి మధ్య రోడ్డులో ఆగింది, వెనక మూడు వందల అరవై నాలుగు మంది. గుసగుసలు మొదలయ్యాయి, పిల్ల తరఫు కుర్చీల్లో ఒకాయన పక్కాయన్ని చూశాడు, ఇంకేదో కావాలంటున్నారా అన్నట్టు. జుమాన తండ్రి ముఖం పాలిపోయింది. "ఏం అబూ రకాన్, మా మాట చాల్లేదా?" అన్నాడు. హాజీ గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, నా వైపు వంగి, చాలా దయగా,

"వినపడలేదేమో. మొదటి నుంచి చెప్పమంటారా?"

దివాణం అంతటా ఒక మూలుగు పాకింది. మా వైపూ, వాళ్ళ వైపూ, రెండు కుటుంబాలూ మొదటిసారి ఏకమైంది అక్కడే. దీబ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు, పన్నెండేళ్ళుగా నన్ను గుటక గుటక అని ఏడిపించినవాడు, వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తాగరా నాయనా," అన్నాడు, "ఒక్క గుటక. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆయన మళ్ళీ ఓడ ఎక్కుతాడు."

ఖుసయ్ చెవులు చూశాను. రేపటి నుంచి అనేవాడి చెవులు. రేపు కాదు అన్నా, ఇదిగో ఇప్పుడు. పాదం తీశాను, ముందు అది, బ్రేకు మీంచి కాలు తియ్యకుండా బండి కదలదని రోజుకి ఎనిమిది మందికి చెబుతాను. చెయ్యి, నువ్వు ఇన్ని రోజులు నా మాట విని ఆగావు, ఇప్పుడు నా మాట విని కదులు, నువ్వు వెళ్ళడం లేదు, నేను పంపుతున్నాను. కదిలింది. జేబులోంచి వచ్చింది, గోళ్ళ కింద పొగాకు, మనవాళ్ళందరి గోళ్ళూ ఇలాంటివే అనుకుంటారు లే, కప్పుని మూడు వేళ్ళతో పట్టింది, నోటికి తెచ్చింది. చల్లగా అయిపోయింది. చేదు. ఎంత చేదంటే, ఇన్నేళ్ళూ దీన్ని నేను ఎప్పుడూ రుచి చూడలేదని తెలిసింది, తాగాను అంతే, పధ్నాలుగు కప్పులు రుచి చూడకుండా తాగాను. ఒక్క గుటక. గొంతు దిగుతుంటే మెడలోంచి చల్లని తాడు దిగినట్టుంది. హాలు మొత్తం ఊపిరి వదిలింది, నాలుగు లెక్కపెట్టకుండా.

ఔదా కూజా వంచాడు. వాడి తప్పు లేదు, నా కప్పుకి వంచడం వాడికి అలవాటు, నా కప్పు ఆ ముక్కు కిందికి తనే వెళ్ళడం దానికి అలవాటు, వెళ్ళింది కూడా, నేను చూస్తుండగానే సగం దారి వెళ్ళింది. ఊపాను. ఇటు. అటు. ఇటు. చిన్న ఊపు, మణికట్టుతో, పసిపిల్లవాడు కూడా చేస్తాడు. నాకు యాభై నాలుగేళ్ళు పట్టింది. ఔదా కూజా అలాగే గాల్లో పట్టుకుని నా ముఖంలోకి చూశాడు. "ఒంట్లో బాగానే ఉందా, అబూ రకాన్?" అన్నాడు. రకాన్ అన్నాడు. గుటక అనలేదు. పక్కవాళ్ళకి వినపడాలని నేను, ఏమన్నావు ఔదా అన్నాను. బాగుందా అని అడిగాను అబూ రకాన్ అన్నాడు మళ్ళీ, కాస్త గట్టిగా.

ఆ తరవాత అందరం చేతులెత్తి ప్రార్థనగా ఫాతిహా చదివాం, అందరికీ కాఫీ తిరిగింది, ఖుసయ్ వచ్చి వంగి నా భుజం ముద్దు పెట్టుకుని బాబాయ్ అన్నాడు, చెవులు మామూలు రంగుకి వచ్చాయి. దీబ్ పెట్టె తీశాడు, ఒకటి సగం బయటికి జరిపి నాకు చూపించాడు, పాపం, కృతజ్ఞతతోనే. కాఫీ నోట్లో ఇంకా చేదుగా ఉంది, వియ్యంకుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, తలుపు తియ్యమంటున్నాడు. చెయ్యి లేచింది. లేచి ఎటు పోవాలో తెలియక ఒక్క క్షణం గాల్లో ఆగింది, ఖాళీ చెయ్యి ఊరుకోదు అని రీమ్ అన్నది నిజమే, దానికి పని కావాలి. మా పక్క వద్దు అనడానికి మర్యాద ఒకటుంది. చెయ్యి వచ్చి నా గుండె మీద పడుకుంది. అన్న అంగరఖా మీద గోళ్ళలోని పొగాకు కాస్త రాలింది. కింద గుండె కొట్టుకుంటోంది, గట్టిగా, కాస్త గాభరాగా, కాని కొట్టుకుంటోంది. దీబ్ పెట్టె మూసేశాడు.

ఫోన్ వణికింది. ఈసారి తీశాను. మా ఆవిడ పాత మెసేజి ఒకటి ఉంది, గంట కిందటిది, ఇప్పుడు చూస్తున్నాను: "ఒకటి చెప్పడం మర్చిపోయాను. ఆఖర్న నువ్వే తాగాలి." దేవుడా. దాని కింద కొత్తది.

"కప్పు తాగినందుకు ఒక గింజ తీసేస్తున్నా. కప్పు ఊపినందుకు ఒక గింజ వేస్తున్నా. రాత్రి లెక్క రాత్రికి."

రెండుసార్లు చదివాను. ముప్ఫయ్యెనిమిది, ముప్ఫయ్యెనిమిదిగానే ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆవిడ ఇచ్చాం అంది, ఆవిడ పద్ధతిలో. ఎక్కడున్నాడో అని రకాన్ కోసం తల ఎత్తాను, స్తంభం దగ్గరే ఉన్నాడు, ఫోను ఇంకా నా మీదే ఉంది, అదే క్షణంలో దివాణం తలుపులు రెండూ తెరుచుకుని, నలుగురు నలుగురు మోస్తూ, నారింజ రంగులో, నెయ్యి మెరుస్తూ, పిస్తా పొడి చల్లిన, బండి చక్రాలంత కునాఫా మిఠాయి పళ్ళేలు లోపలికి వచ్చాయి. పాకం వేడిగా పోస్తున్నారు. నా పాదం నేలని వెతుక్కుంది. ఫోన్ మళ్ళీ వణికింది.

"కునాఫా కనిపిస్తోంది. నువ్వూ కనిపిస్తున్నావు."